తమ్ముడి ఆఫర్ లెటర్‌లో అడ్రస్ "రియాక్టర్ వీధి, 30" అని ఉంది, అమ్మ వద్దంటోంది

వాణి_పాల్వంచ
మా తమ్ముడు హైదరాబాద్‌లో లేజర్ల మీద పీహెచ్‌డీ పూర్తిచేసి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కోసం అప్లై చెయ్యని చోటు లేదు. పోయిన వారం రొమేనియాలో మగురెలె అనే ఊరి నుంచి రెండేళ్ళకి ఆఫర్ వచ్చింది. వాడి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఇంట్లో మాత్రం పెద్ద గొడవ. అమ్మకి లెటర్ చదివి వినిపిస్తూ అడ్రస్ దగ్గరికొచ్చాడు, "స్ట్రాడా రెయాక్టొరులుయి, 30" అని. అదేంట్రా అంది అమ్మ. వీడు దాచకుండా "రియాక్టర్ వీధి, 30వ నంబరు" అని చెప్పేశాడు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. మా మేనమామ ఫోన్‌లో వెతికి, ఆ ఊళ్ళో నిజంగానే అణు రియాక్టర్ ఉండేదని, అణు వ్యర్థాల పని కూడా అక్కడే చేస్తారని చెప్పి ఇంకా భయపెట్టాడు. నాన్న లేరు. ఇంటికి పెద్దదాన్ని నేనే, నేను ఏమంటే అమ్మ దానికే కట్టుబడుతుంది. వెళ్ళమని చెప్పి రేపు వాడికి ఏదైనా అయితే? వద్దని చెప్పి వాడి చదువంతా బూడిదలో పోస్తే? ఆ ఊరి సంగతి తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. పది పన్నెండు వేల మంది ఉండే ఊళ్ళో ప్రపంచంలోకెల్లా పెద్ద లేజర్లలో ఒకటి ఉందంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు.

కిట్టు_గుంటూరు
రొమేనియాలో రీసెర్చ్ ఏంటండీ, జర్మనీయో ఫ్రాన్సో చూసుకోమనండి. రెండేళ్ళు పోతే మళ్ళీ రావు.

చిట్టిబాబు_తెనాలి
మా ఊళ్ళో పులిబావి వీధి ఉంది. పులి లేదు, బావి కూడా పూడ్చేశారు. వీధి పేరు చూసి భయపడకండి.

ఫోటాన్_ఫణి
కిట్టు గారూ, లేజర్ల పని చేసేవాళ్ళ దగ్గర ఆ మాట అంటే నవ్వుతారు. నేను ఒక ప్రయోగం కోసం మూడు వారాలు మగురెలెలో ఉన్నాను, అందుకని చెబుతున్నా.

ఆ లేజర్ ఉన్న చోటు పేరు ఎలి-ఎన్‌పీ. యూరప్ వాళ్ళు బాగా శక్తిమంతమైన లేజర్ల కోసం మూడు కేంద్రాలు కట్టారు, ఒకటి చెక్ దేశంలో ప్రాగ్ పక్కన, ఒకటి హంగరీలో సెగెద్‌లో, మూడోది ఇది. మూడూ తూర్పు వైపు దేశాల్లోనే, జర్మనీలో ఒక్కటీ లేదు. మగురెలెది అణుభౌతిక శాస్త్రం కోసం. దీనికి 300 మిలియన్ యూరోలకు పైనే ఖర్చయింది, ఎక్కువ భాగం యూరోపియన్ యూనియన్ డబ్బు. 2019 మార్చిలో ఇక్కడి లేజర్ 10 పెటావాట్లు అందుకుంది. అంటే కోటి గిగావాట్లు. ప్రపంచం మొత్తం వాడే కరెంటు కన్నా వేల రెట్లు ఎక్కువ.

ఇది విని మీ అమ్మగారు ఇంకా భయపడతారేమో, అందుకే మిగతా సగం కూడా చెప్పాలి. ఆ పవర్ ఉండేది సెకనులో ఎంతసేపో తెలుసా, 25 ఫెమ్టోసెకన్ల లోపు. సెకనులో వంద కోట్లో వంతుని మళ్ళీ పది లక్షల ముక్కలు చేస్తే ఒక్క ముక్క ఒక ఫెమ్టోసెకను. అంతసేపట్లో కాంతి కూడా మన వెంట్రుక మందంలో పదో వంతు దూరమే పోగలదు. ఒక్కో దెబ్బలో ఉండే మొత్తం శక్తి 240 జౌళ్ళ లెక్క. 25 కిలోల బియ్యం బస్తాని నేల మీంచి ఒక మీటరు పైకెత్తితే మీకు ఖర్చయ్యే శక్తి అంతే. అదే శక్తిని అంత చిన్న క్షణంలోకి, అంత చిన్న చుక్క మీదికి కుక్కడమే అక్కడి విద్య. పూర్తి పవర్‌తో అయితే నిమిషానికి ఒక్క దెబ్బే.

వాణి_పాల్వంచ
బియ్యం బస్తా సంగతి అమ్మకి చెప్పాను, "అయితే దానికంత ఖర్చెందుకు" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఫోటాన్_ఫణి
మంచి ప్రశ్న అడిగారు అమ్మగారు. అంత పొట్టి పల్స్‌ని, అంటే ఆ ఒక్క కాంతి దెబ్బని, నేరుగా పెంచుకుంటూ పోతే, పెంచే స్ఫటికమే కాలిపోతుంది. అందుకని ముందు దాన్ని సాగదీస్తారు, ఆ తర్వాత పెంచుతారు, చివర మళ్ళీ నొక్కేస్తారు. తిరుమలలో క్యూ గుర్తు తెచ్చుకోండి. జనమంతా ఒక్కసారి ప్రసాదం కౌంటర్ మీద పడితే కౌంటరే విరుగుతుంది. పొడుగ్గా క్యూ కట్టించి, ఒక్కొక్కరికీ లడ్డూ ఇచ్చి, బయట మళ్ళీ అందరినీ ఒకచోట చేరిస్తే? జనం వాళ్ళే, ఇప్పుడు అందరి చేతుల్లో లడ్డూ ఉంది. 1985లో జెరార్డ్ మూరూ, డోనా స్ట్రిక్లండ్ చూపించిన పద్ధతి ఇది, 2018లో నోబెల్ వచ్చింది. ఈ మూడు కేంద్రాల ఆలోచనకి మొదటినుంచీ వెంటపడిన మనిషి కూడా ఆ మూరూనే.

ఖర్చంతా ఆ స్ఫటికాలకీ, అద్దాలకీ, వాటిని కదలకుండా ఉంచడానికీ. లేజర్ హాలు నేలని స్ప్రింగుల మీద నిలబెట్టారు, బయట లారీ పోయినా లోపల అద్దం అదరకూడదు కదా. లోపలికి వెళ్ళాలంటే ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళినట్టు గౌను, టోపీ, చెప్పుల మీద తొడుగులు. నాకైతే మొదటి రోజు గుడిలోకి వెళ్ళినట్టే ఉంది.

కిట్టు_గుంటూరు
సరే, లేజర్ సంగతి ఒప్పుకుంటున్నా, నాకు తెలియదు. రియాక్టర్ మాటేంటి మరి? ఆవిడ భయం దాని గురించి కదా.

అశ్వాపురం_పిల్ల
వాణి అక్కా, మాది మీ పక్కనే. మణుగూరు భారజల కర్మాగారం కాలనీలో పుట్టి పెరిగాను, నాన్న అక్కడే షిఫ్టుల్లో పనిచేశారు. మా బంధువులు కూడా ఇలాగే "అణు కాలనీ"లో పిల్లల్ని ఎలా పెంచుతున్నారు అని అడిగేవాళ్ళు. భారజలానికి రేడియేషన్ లేదు అని చెబితే వినేవాళ్ళు కాదు. అక్కడ నిజంగా జాగ్రత్తపడాల్సింది హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్‌తో, కుళ్ళిన గుడ్ల వాసన వస్తుందే, అది. దానికోసం సైరన్ మోగించి డ్రిల్ చేయించేవాళ్ళు, గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా నడవాలని మాకు చిన్నప్పుడే నేర్పారు. ఒక్క బంధువు కూడా ఆ గ్యాస్ గురించి అడగలేదు, అందరూ రేడియేషన్ గురించే. కాబట్టి ఏది ప్రమాదమో ముందు తెలుసుకుందాం, అప్పుడు భయపడదాం.

మగురెలె రియాక్టర్ గురించి నాన్నని అడిగాను, ఆయన చదివి పెట్టుకున్న మనిషి. అది సోవియట్ వాళ్ళు ఇచ్చిన చిన్న పరిశోధన రియాక్టర్, 2 మెగావాట్లది, కరెంటు తీసేది కాదు. 1957లో మొదలైంది, 1997లో ఆపేశారు. మన ట్రాంబేలో అప్సర రియాక్టర్ 1956లో మొదలైంది, దాదాపు దాని ఈడుదే. వాడేసిన ఇంధనాన్ని 2009లో కొంత, 2012లో మిగతాది రష్యాకి తిప్పి పంపేశారు. ఆ తర్వాత విప్పే పని. అంటే పొయ్యి ఆర్పి, కట్టెలు కూడా ఊరు దాటించేశారు.

వాణి_పాల్వంచ
మరి వ్యర్థాల సంగతి? మామయ్య దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

అశ్వాపురం_పిల్ల
మీ మామయ్య అబద్ధం చెప్పలేదు అక్కా. దేశంలో ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో వాడి పక్కనపెట్టిన రేడియోధార్మిక వస్తువులు అక్కడికి వస్తాయి, వాటిని సిమెంటుతో డ్రమ్ముల్లో బిగించే విభాగం ఉంది. కానీ శాశ్వతంగా పాతిపెట్టే చోటు అది కాదు, అది దేశానికి ఇంకో మూల, బిహోర్ జిల్లాలో పాత యురేనియం గనిలో ఉంది, బైత్స అంటారు. మీ తమ్ముడు పనిచేసేది లేజర్ దగ్గర. అక్కడ రేడియేషన్ పుట్టేది ప్రధానంగా లేజర్ కొట్టినప్పుడే, దానికి మందపాటి కాంక్రీటు గోడలు. ఛాతీకి బ్యాడ్జి పెడతారు, అందులో ఎంత పడిందో లెక్క ఉంటుంది. నాన్న కూడా గ్యాస్ విషయంలో అలాంటి జాగ్రత్తల మధ్యే పనిచేశారు, డెబ్బై రెండేళ్ళొచ్చినా పొద్దున్నే గోదావరి గట్టు దాకా నడిచి వస్తారు.

వలస_పక్షి
అందరూ భయం తీర్చే పనిలో ఉన్నారు, మంచిదే, కానీ ఉద్యోగం సంగతి ఎవరూ అడగడం లేదు. తమ్ముడిని ఏ టీమ్‌లో వేస్తున్నారో కనుక్కోండి. ఎలి-ఎన్‌పీలో రెండు పెద్ద యంత్రాలు అనుకున్నారు, ఒకటి లేజర్, రెండోది గామా కిరణాల పుంజం. లేజర్ వచ్చింది. గామా యంత్రం కట్టాల్సిన మొదటి కాంట్రాక్టు గొడవల్లో పడి 2018లో రద్దయింది, 2019లో వేరేవాళ్ళతో కొత్త కాంట్రాక్టు రాసుకున్నారు, అంటే ఏళ్ళ తరబడి ఆలస్యం. ఇంకో సంగతి, ఈ మూడు కేంద్రాలకూ కలిపి 2021లో ఉమ్మడి సంస్థ పెట్టినప్పుడు చెక్, హంగరీ చేరాయి, రొమేనియా చేరలేదు.

నా సొంత అనుభవం చెబుతా. యూరప్‌లోనే ఇంకో దేశంలో రెండేళ్ళ పోస్ట్‌డాక్‌కి వెళ్ళాను, నేను వాడాల్సిన యంత్రం పెట్టెల్లో ఉంది. వచ్చే నెల, వచ్చే నెల అంటూ పద్నాలుగు నెలలు గడిపారు. చివరికి ఒక్క పేపర్‌తో బయటపడ్డాను, ఆ తర్వాత ఉద్యోగానికి ఎంత ఇబ్బంది పడ్డానో నాకే తెలుసు. తమ్ముడి పని గామా పుంజం మీద ఆధారపడితే, అది ఎప్పుడు నడుస్తుందో ఈమెయిల్‌లో అడగమనండి. లేజర్ మీద అయితే ఫణి గారు చెప్పినట్టు కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు.

ఫోటాన్_ఫణి
పక్షి గారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం, నేనే ముందు చెప్పి ఉండాల్సింది. ఒక్కటే కలుపుతా, ప్రయోగానికి లేజర్ ఎన్ని రోజులు ఇస్తారో కూడా అడగమనండి. అంత పెద్ద యంత్రం మీద అందరికీ వంతులే. నా మూడు వారాల్లో నికరంగా దొరికింది ఆరు రోజులు. ఆ ఆరు రోజుల డేటా మీద ఏడాది పని చేశాం.

వాణి_పాల్వంచ
అడిగాడు ఇప్పుడే. లేజర్ టీమే అట. 1 పెటావాట్ వైపు మొదలుపెట్టి తర్వాత పెద్దదానికి అన్నాడు.

కిట్టు_గుంటూరు
అయితే ఇంకేం, వెళ్ళమనండి. నిన్న నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

పాత_పుస్తకం
నేను రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్‌ని. కిట్టు గారు మొదట్లో "రొమేనియాలో రీసెర్చ్ ఏంటి" అన్నారు, ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే మన గురించీ బయటివాళ్ళు ఇదే అనేవారు.

ఆ ఊరికి పేరు ఈ లేజర్‌తో మొదలవలేదు, అంతకుముందే ఉంది. 1949లో అక్కడ ఫిజిక్స్ సంస్థ పెట్టారు, 1956లో అది అణు భౌతిక సంస్థ అయింది. నడిపించిన మనిషి హోరియా హులుబెయ్. పారిస్‌లో జాఁ పెరాఁ దగ్గర చదివినవాడు. 1936లో ఆయన 87వ మూలకాన్ని ఎక్స్‌రే గీతల్లో చూశానని ప్రకటించి, తన ప్రాంతం మొల్దావియా పేరుతో దానికి మొల్దావియం అని పేరు కూడా పెట్టాడు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. 1939లో మార్గరెట్ పెరే అదే మూలకాన్ని తిరుగులేకుండా పట్టుకుంది, అది ఫ్రాన్సియం అయింది. ఒక మనిషి తన నేల పేరు ఆవర్తన పట్టికలో రాసి చూసుకుని, అది చెరిగిపోవడం కూడా చూశాడు. అయినా వెనక్కొచ్చి, యుద్ధంలో చితికిన దేశంలో, రాజధాని అవతల పొలాల మధ్య ఒక సంస్థని నిలబెట్టాడు. ఇప్పుడు ఆ అణు సంస్థ ఆయన పేరు మీదే ఉంది. నేను క్లాసులో ఫ్రాన్సియం చెప్పినప్పుడల్లా ఈ కథ చెప్పేవాణ్ణి.

1957లో అక్కడ మొదటి రొమేనియన్ కంప్యూటర్ సీఎఫ్‌ఏ-1 తయారైంది, విక్టర్ తోమా అనే ఇంజనీర్ వాల్వులతో కట్టాడు. 1962లో అగర్బిచాను అనే ఆయన అక్కడే గ్యాస్ లేజర్ వెలిగించాడు. ప్రపంచంలో మొట్టమొదటి లేజర్ వచ్చింది 1960లో, లెక్క చూసుకోండి, రెండేళ్ళే తేడా. కాబట్టి లేజర్ ఆ ఊరికి కొత్త కాదు.

చిట్టిబాబు_తెనాలి
మాస్టారూ, సీఎఫ్‌ఏ కాదేమో, సీఐఎఫ్‌ఏ అనుకుంటా?

పాత_పుస్తకం
అవును బాబూ, సీఐఎఫ్‌ఏ-1. ఆ సంస్థ పేరులోని అక్షరాలే. తప్పు దిద్దినందుకు సంతోషం.

సిరెత్_దాటాను
ఫిజిక్స్ నాకు తెలియదు. మనుషుల గురించి చెబుతా. నేను ఉక్రెయిన్‌లో చెర్నివ్‌త్సిలో ఎంబీబీఎస్ చదివేదాన్ని. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలవగానే బస్సులో సిరెత్ సరిహద్దుకి బయల్దేరాం, ట్రాఫిక్ ఆగిపోయి చివరి కిలోమీటర్లు నడిచాం. చలికి వేళ్ళు పనిచెయ్యడం లేదు. సరిహద్దు దాటగానే ఒక రొమేనియన్ ఆవిడ నా భుజాల మీద దుప్పటి కప్పి చేతిలో టీ గ్లాసు పెట్టింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాకు రొమేనియన్ రాదు. నేను ఏడుస్తుంటే నాతోపాటు ఆవిడా ఏడ్చింది. రెండు రోజులు ఒక ఆటల హాల్లో పడుకున్నాం, ఊళ్ళోవాళ్ళు ఇళ్ళ నుంచి వండి తెచ్చారు. తర్వాత బుకారెస్ట్ నుంచి విమానం. వాణి అక్కా, మీ అమ్మగారికి చెప్పండి, ఆ దేశంలో వాళ్ళ అబ్బాయి ఒంటరివాడు కాడు. అక్కడివాళ్ళతో నేను మాట్లాడింది ఒక్క మాటే, "ముల్త్సుమెస్క్", అంటే థాంక్స్. అది మాత్రం నేర్చుకుని వెళ్ళమనండి.

వాణి_పాల్వంచ
ఇది అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. థాంక్స్ చెల్లీ.

బుకారెస్ట్_సుధ
ఆలస్యంగా చూశాను. ఆరేళ్ళుగా బుకారెస్ట్‌లో ఉంటున్నా, సాఫ్ట్‌వేర్. మగురెలె నుంచి సిటీ నడిబొడ్డుకి పది పన్నెండు కిలోమీటర్లు, నైరుతి వైపు. ఊరు పేరుకి అర్థం చిన్న గుట్టలు అని, కానీ చుట్టూ చదునే. 2005లోనే దానికి పట్టణం హోదా వచ్చింది, చూడటానికి ఇప్పటికీ పల్లెటూరిలాగే ఉంటుంది, ముందు తోటలున్న ఇళ్ళు, కోళ్ళు, మధ్యలో హఠాత్తుగా సంస్థల గేట్లు. ఒక వీధి పేరు రియాక్టర్ అయితే పెద్ద వీధి పేరు అణు శాస్త్రజ్ఞుల వీధి. బుకారెస్ట్ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగం మొత్తం అక్కడే ఉంది, కాబట్టి పొద్దున బస్సు నిండా స్టూడెంట్సే. చాలామంది సిటీలో ఉండి రోజూ వెళ్ళొస్తారు. మెట్రో అక్కడిదాకా లేదు, బస్సే, సాయంత్రం రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓపిక కావాలి.

ఇప్పుడు అసలు మాట. రియాక్టర్ వీధి గురించి మీరు పడే టెన్షన్ అంతా తీసి ఇంటి మీద పెట్టండి. బుకారెస్ట్‌కి అసలు ప్రమాదం భూకంపం. ఇక్కడికి నూట యాభై కిలోమీటర్ల దూరంలో వ్రాన్చ్య అనే ప్రాంతం ఉంది, పెద్ద భూకంపాలు అక్కడినుంచి వస్తాయి. 1977 మార్చి 4 రాత్రి వచ్చిన దానిలో 1,500 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఈ సిటీలోనే, పాత అపార్ట్‌మెంట్లు కూలి. మా ఇంటి ఓనరమ్మ అప్పటికి చిన్నపిల్ల, ఇప్పటికీ మంచం పక్కన చెప్పులు, టార్చి పెట్టుకుని పడుకుంటుంది.

సిటీ మధ్యలో కొన్ని బిల్డింగుల గుమ్మం పక్కన గుండ్రటి ఎర్ర బిళ్ళ ఉంటుంది. పెద్ద భూకంపం వస్తే కూలిపోయే రకం అని అర్థం. వాటిలో అద్దె తక్కువ ఉంటుంది, ఎత్తైన సీలింగులు, అందమైన బాల్కనీలు, ఫోటోల్లో చాలా బాగుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు అందుకే పడిపోతారు. నేనూ వచ్చిన కొత్తలో ఒకటి చూసి అడ్వాన్స్ ఇవ్వబోయాను, ఆఫీసులో ఒకాయన అడ్రస్ విని "బిళ్ళ చూశావా?" అన్నాడు. వెళ్ళి చూస్తే ఉంది. ఏజెంటు ఆ మాటే ఎత్తలేదు. కొన్నిచోట్ల బిళ్ళ పీకేస్తారు కూడా, అందుకని నగరపాలక సంస్థ పెట్టే జాబితాలో అడ్రస్ వెతకాలి, ఏ సంవత్సరంలో కట్టారో అడగాలి. 1940కి ముందు కట్టిన ఎత్తైన బిల్డింగులైతే ఆలోచించకుండా వదిలెయ్యండి.

ఇంకో సంగతి చెబితే మీ అమ్మగారికి నచ్చుతుంది. ఈ భూకంపాలని రాత్రింబగళ్ళు కనిపెట్టి చూసే జాతీయ భూభౌతిక సంస్థ ఎక్కడుందో తెలుసా? మగురెలెలోనే. వ్రాన్చ్యలో నేల అదిరితే గట్టి కుదుపు బుకారెస్ట్ చేరడానికి పాతిక ముప్పై సెకన్లు పడుతుంది, ఆ లోపల హెచ్చరిక పంపే ఏర్పాటు వాళ్ళది. 2022 నవంబరులో పొద్దున్నే ఒక చిన్న భూకంపానికి మా ఇంట్లో దీపం ఊగింది, వెంటనే అందరం వాళ్ళు ఏమి చెబుతారా అని ఫోన్లు చూసుకున్నాం. మీరు భయపడుతున్న ఊరినే మేమందరం నమ్ముకుని ఉన్నాం.

కిట్టు_గుంటూరు
ఎర్ర బిళ్ళ సంగతి నాకు కొత్త. ఇక్కడ అడిగి ఉండకపోతే ఎవరు చెప్పేవాళ్ళు.

అశ్వాపురం_పిల్ల
చూశారా అక్కా, నేను చెప్పిన గ్యాస్ కథే ఇది. అందరూ ఒక వైపు చూస్తుంటే ప్రమాదం ఇంకో వైపు ఉంటుంది.

వలస_పక్షి
సుధ గారూ, జీతం రొమేనియాలో సరిపోతుందా? పరిశోధన మీద ఖర్చులో ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో అట్టడుగున ఉంటుంది కదా.

బుకారెస్ట్_సుధ
అది నిజం. ఇక్కడి రీసెర్చర్లు ఆ సంగతి తలచుకుని బాధపడతారు, తొంభైల్లో చదువుకున్నవాళ్ళు సగం మంది బయటికి వెళ్ళిపోయారని మా పక్కింటి ఫిజిక్స్ టీచర్ అంటుంది. అయితే బ్యాచిలర్‌కి, సొంతంగా వండుకుంటే, ఇబ్బంది లేదు. అద్దె తీసేస్తే మిగతా ఖర్చు పశ్చిమ యూరప్ కన్నా తక్కువే. 2025 జనవరి నుంచి షెంగెన్‌లో (యూరప్‌లో సరిహద్దు తనిఖీలు లేకుండా తిరిగే దేశాల కూటమి) పూర్తిగా కలిశారు కాబట్టి కాన్ఫరెన్సులకి తిరగడం కూడా తేలికైంది.

వీసా గురించి ఒక మాట, దీర్ఘకాలిక వీసా మీద వచ్చాక తొంభై రోజులే ఉంటుంది, అది అయిపోవడానికి కనీసం ముప్పై రోజుల ముందే ఇక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో నివాస అనుమతికి పెట్టుకోవాలి. దానికి ఇంటి అద్దె ఒప్పందం రిజిస్టర్ అయినది అడుగుతారు. నోటిమాట మీద అద్దెకిచ్చే ఇల్లు తీసుకోవద్దు.

వాణి_పాల్వంచ
ఇవన్నీ కాగితం మీద రాసుకుంటున్నా. అమ్మ ఇప్పుడు రియాక్టర్ వదిలేసి తిండి దగ్గరికొచ్చింది. వాడికి పప్పులో పులుపు లేకపోతే ముద్ద దిగదు.

బుకారెస్ట్_సుధ
దిగులు పడొద్దు. ఇక్కడివాళ్ళు పులుపు మనుషులే. చోర్బ అని పుల్లటి చారు రోజూ తాగుతారు. మొక్కజొన్న పిండితో మమలీగ అని చేస్తారు, అచ్చం మన సంకటి. వంకాయ, క్యాప్సికం కాల్చి నూనెలో మగ్గించి జకుస్క అని సీసాల్లో పెడతారు, నేను దాన్ని మన కాల్చిన వంకాయ పచ్చడి అనుకుని అన్నంలో కలుపుకుంటా. వసంతంలో బజార్లో మాక్రిష్ అనే ఆకు కట్టలు వస్తాయి, చుక్కకూరకి అక్కచెల్లెలే, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. దాంతో పప్పు చేశాను, మా ఆయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. కందిపప్పు, ఆవాలు, ఇంగువ సిటీలో ఇండియన్ కొట్లలో దొరుకుతాయి.

చిట్టిబాబు_తెనాలి
మాక్రిష్ పప్పు! మా ఆవిడకి చెప్పాలి, చుక్కకూరకి ఫారిన్ చుట్టాలున్నారని.

వాణి_పాల్వంచ
అమ్మ గోంగూర గింజలు కట్టి పంపుతానంటోంది.

బుకారెస్ట్_సుధ
గింజలు వద్దు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కల తెగుళ్ళు లేవని ఇచ్చే ధ్రువపత్రం) లేకుండా విత్తనాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో తీసేస్తారు. గోంగూర పచ్చడి గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ సామానులో పెట్టమనండి. శీతాకాలంలో ఇక్కడ సున్నా కిందికి పోతుంది, కోటు మాత్రం ఇక్కడే కొనుక్కోమనండి, మన దగ్గర కొన్న స్వెటర్లు ఆగవు.

వాణి_పాల్వంచ
నెల తర్వాత అప్‌డేట్ పెడుతున్నా, అడిగినవాళ్ళ కోసం. వీసా వచ్చింది. సుధ గారు చెప్పినట్టు ఇల్లు ముందే వీడియోలో చూశాడు. మొదట చూసింది సిటీ మధ్యలో, ఎంతో నచ్చింది, అడ్రస్ జాబితాలో వెతికితే ఉంది, వదిలేశాడు. ఇప్పుడు తీసుకున్నది సిటీలోనే రహోవా వైపు, 1977 భూకంపం తర్వాత కట్టిన బిల్డింగ్, జాబితాలో లేదు, ఒప్పందం రిజిస్టర్ చేసి ఇస్తామన్నారు. నిన్న దిగాడు. పొద్దున మగురెలె వెళ్ళి గేటు దగ్గర నిలబడి అమ్మకి వీడియో కాల్ చేశాడు. వీధి బోర్డు చూపించాడు. అమ్మ బోర్డు వైపు కాదు, దాని కింద చూస్తోంది. తలకి గుడ్డ కట్టుకున్న ఒక ముసలావిడ కూరల సంచి మోసుకుంటూ నడిచిపోతోంది. "ఆవిడ రోజూ ఈ దారినే పోతుందా?" అని అడిగింది అమ్మ. పోతుందేమో అన్నాడు వీడు. "సరే, నువ్వు లోపలికి వెళ్ళు, ఆలస్యమవుతుంది" అంది.

పాత_పుస్తకం
ఆ ఫోన్ పెట్టాక అమ్మగారు అన్నం తిన్నారా?

వాణి_పాల్వంచ
తిన్నది మాస్టారూ. నాకు కూడా వడ్డించింది.

అనూష_కర్నూలు
ఈ థ్రెడ్ మొత్తం చదివాను. మా అమ్మాయి ఎంఎస్సీ ఫిజిక్స్ ఫైనల్ ఇయర్. మాస్టర్స్ మాత్రమే ఉన్నవాళ్ళని అక్కడ పీహెచ్‌డీకి తీసుకుంటారా ఫణి గారూ? ఎవరికి రాయాలి?

ఫోటాన్_ఫణి
తీసుకుంటారమ్మా. బుకారెస్ట్‌లోని యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి చేరి పని అక్కడ చేసేవాళ్ళని నేను చూశాను. అమ్మాయి ఏ విషయం మీద ప్రాజెక్టు చేస్తోందో చెప్పండి, ఎవరికి రాయాలో అప్పుడు చూద్దాం.